ఎనిమిదిన్నర నెలల పాప కొత్త చేస్తోంది, ఐదు వారాల్లో ఆయా దగ్గర ఉండాలి. మాలిమి చేయడం ఎలా?

గుమ్మం_దగ్గర

పాపకి ఎనిమిదిన్నర నెలలు. ఆరు వారాలు ముందుగా పుట్టింది, మొదట్లో కొన్ని రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచారు. ఇప్పటిదాకా పగలు తల్లి, సాయంత్రం నుంచి తల్లీ తండ్రీ ఇద్దరూ చూసుకుంటున్నారు. ఐదు వారాల్లో తల్లి తిరిగి ఉద్యోగంలో చేరాలి. అప్పట్నుంచి పగలు తొమ్మిది గంటలు ఆయా చూస్తుంది, ఇంట్లోనే.

సందేహాలు ఇవి.

1. మూడు నాలుగు నెలలప్పుడు ఎవరు చేతులు చాపినా బోసినవ్వుతో వెళ్లిపోయేది. రెండు వారాలుగా కొత్తవాళ్లు కనబడితే పెదవి విరిచి, తల్లి భుజంలో మొహం దాచుకుని, ఆనక గుక్కపట్టి ఏడుస్తోంది. ఎక్కడైనా తేడా వచ్చిందా?

2. పుట్టిన మొదటి గంటల్లో తల్లి గుండెల మీద పడుకోబెట్టే వీలు లేకపోయింది. ఆ లోటు ఉండిపోతుందా?

3. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే చేతులు మరుగుతుంది, రేపు ఆయా వల్ల కాదు, ఇప్పట్నుంచే తగ్గించండి అని చుట్టూ ఉన్నవాళ్లు అంటున్నారు. తగ్గించాలా?

4. మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం ఆయాతోనే గడుస్తుంది కాబట్టి ఆయానే అమ్మ అనుకుంటుందా?

5. అప్పగింత ఎన్ని రోజుల్లో, ఏ వరసలో చేయాలి?

"ప్రేమగా చూసుకోండి, అదే సర్దుకుంటుంది" అని మాత్రం చెప్పకండి. రోజుల లెక్క, కారణం రెండూ కావాలి.

---

దోబూచి

మొదటి రెంటికీ, నాలుగోదానికీ నేను చెప్తాను. అప్పగింత సంగతి క్రెష్‌ల్లో పనిచేసేవాళ్లు చెప్తే బాగుంటుంది.

ముందు వయసు లెక్క సరిచేసుకోండి. ఆరు వారాలు ముందు పుట్టింది కాబట్టి ఇలాంటి విషయాల్లో పాపకి ఏడు నెలలనే అనుకోవాలి. మొదటి నవ్వు, మెడ నిలపడం, కొత్త చేయడం లాంటివన్నీ పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేస్తేనే కుదురుతాయి. కొత్త చేయడం మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య మొదలవుతుంది. పాప సరిగ్గా వేళకే మొదలుపెట్టింది.

మరి మూడో నెలలో అందరి దగ్గరకీ ఎందుకు వెళ్లింది? అప్పటికి మనుషుల్ని పోల్చుకోలేక కాదు. పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలకి ఒక రబ్బరు చనుమొన ఇచ్చి, చప్పరించే లయ మార్చుకుంటే తల్లి గొంతు వినిపించేలా 1980లో ఒక ప్రయోగం చేశారు. ఆ గొంతు కోసం పిల్లలు లయ మార్చుకున్నారు. అంటే ఆనవాలు పుట్టుకతోనే ఉంది. లేనిది "ఈ మనిషే కావాలి" అనే పట్టు. రెండో నెల దాటాక తెలిసినవాళ్లకి తొందరగా నవ్వడం, వాళ్ల చేతుల్లో తొందరగా ఊరుకోవడం కనబడుతుంది, కానీ కొత్తవాళ్లన్నా అభ్యంతరం ఉండదు. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య రెండు మార్పులు కలిసి వస్తాయి. కళ్లముందు లేని మనిషి కూడా ఎక్కడో ఉన్నారని గుర్తుండటం ఒకటి, పాకడం రెండోది. తనంతట తాను దూరం పోగలిగే వయసులో తెలియనిదాన్ని చూసి భయపడి, తెలిసిన మనిషి దగ్గరకి పరుగెత్తే బుద్ధి కూడా లేకపోతే బతకడం కష్టం. మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1969లో అనుబంధ సిద్ధాంతాన్ని పుస్తకంగా రాసినప్పుడు ఎత్తి చూపింది ఇదే. అనుబంధం తిండికి తోకలా వచ్చేది కాదు, అపాయం నుంచి కాపాడుకోవడానికి ఉన్న ఏర్పాటు అన్నాడు.

తిండి మాట వచ్చింది కాబట్టి, మీ నాలుగో ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. మనస్తత్వవేత్త హ్యారీ హార్లో 1958లో ప్రచురించిన ప్రయోగంలో కోతిపిల్లలకి రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. పాలసీసా ఉన్నది తీగలతో చేసింది, రెండోది మెత్తటి గుడ్డ చుట్టింది. పిల్లలు పాలు తాగడానికి తీగబొమ్మ దగ్గరకి వెళ్లి, మిగతా సమయమంతా గుడ్డబొమ్మనే కరుచుకుని ఉన్నాయి. భయపెడితే పరుగెత్తిందీ దాని దగ్గరకే. మనుషుల్లో చూస్తే, గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని నెలనెలా గమనించి షాఫర్, ఎమర్సన్ 1964లో రాసినదాని ప్రకారం పాలు పట్టి, స్నానం చేయించి, గుడ్డలు మార్చే మనిషినే బిడ్డ అందరికన్నా ఎక్కువగా పట్టుకుని ఉండాలని లేదు. బిడ్డ చేసే సైగలకి బదులిస్తూ తనతో ఆడే మనిషికే మొగ్గు. ఏడాదిన్నర వచ్చేసరికి ఒక్క మనిషితోనే అనుబంధం ఉన్న పిల్లలు 13 శాతమే. మిగతావాళ్లకి ఇద్దరో ముగ్గురో, ఇంకా ఎక్కువమందో ఉన్నారు.

కాబట్టి ఆయా మీద మాలిమి పెరిగినంత మాత్రాన తల్లి వాటా తరిగిపోదు. పాపకి ఇంకో మనిషి దొరికినట్టు. జ్వరం వచ్చినప్పుడు, నిద్ర ముంచుకొచ్చినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు ఇద్దరూ ఎదురుగా ఉంటే ఎవరి వైపు చేతులు చాపుతుందో చూడండి. అక్కడ వరస తెలుస్తుంది. తల్లి ఉదయం, సాయంత్రం, రాత్రి పాపకి బదులిస్తున్నంతకాలం ఆ వరస మారడం అరుదు. అమెరికాలో 1991లో మొదలై వెయ్యి మందికి పైగా పిల్లల్ని గమనించిన పెద్ద అధ్యయనంలో కూడా, ఇతరుల దగ్గర గంటల తరబడి ఉండటం ఒక్కటే తల్లితో అనుబంధాన్ని చెడగొట్టలేదు. తల్లి స్పందన అంతంతమాత్రంగా ఉండి, దానికి తోడు బయటి సంరక్షణ నాసిగా ఉన్నా, గంటలు ఎక్కువైనా, చూసేవాళ్లు తరచూ మారినా అప్పుడు తేడా కనబడింది.

రెండో ప్రశ్న. పుట్టిన తొలి గంటలు దాటితే బంధం కుదరదన్న మాట 1972లో 28 మంది తల్లుల మీద చేసిన ఒక చిన్న అధ్యయనంతో బాగా పాకింది. తర్వాత చేసిన పరిశీలనల్లో అంత పట్టింపు నిలబడలేదు. చర్మానికి చర్మం తగిలేలా గుండెల మీద పడుకోబెడితే బిడ్డ ఒంటి వేడి నిలుస్తుంది, పాలు పట్టడం తేలికవుతుంది. అది మంచిదే, సందేహం లేదు. కానీ బాతుపిల్ల మొదటి గంటల్లో కనబడినదాని వెంట పడినట్టు మనుషుల పిల్లలు పడరు. తల్లికి బిడ్డ మీద మమకారం మొదటి రోజే కలగొచ్చు, నెల తర్వాత కలగొచ్చు. బిడ్డకి తల్లి మీద ఏర్పడే అనుబంధం వేరే సంగతి. అది నెలల తరబడి, వేల చిన్న చిన్న సందర్భాల్లో ఏర్పడుతుంది. ఇంక్యుబేటర్ రోజులు అందులో పెద్ద లెక్కలోకి రావు. అసలు మీ పాప తల్లి భుజంలో మొహం దాచుకుంటోందంటే ఆ పని జరిగిపోయిందనే కదా.

---

చాపమీద_పాఠం

క్రెష్ సిబ్బందికి నేర్పే వరస చెప్తాను. దీనికి ఆధారం బెర్లిన్‌లో 1980లలో తయారైన అలవాటు చేసే పద్ధతి. అది క్రెష్‌లకి ఉద్దేశించింది. ఇంట్లో ఆయా అయితే ఇంకా తేలిక, ఎందుకంటే గది, పక్క, బొమ్మలు పాతవే. కొత్తది మనిషి ఒక్కతే. ఐదు వారాలున్నాయి కాబట్టి తొందర పడనక్కర్లేదు, అలాగని చివరి వారందాకా ఆగకండి.

మొదటి మూడు రోజులు విడిచి వెళ్లడం అన్నదే వద్దు. ఆయా రోజూ ఒకే వేళకి వచ్చి ఓ గంట, గంటన్నర ఉండాలి. తల్లి గదిలో ఒకచోట కూర్చోవాలి, అటూ ఇటూ తిరగకూడదు. పాప వస్తే ఒళ్లోకి తీసుకోవాలి, తనంతట తాను దిగి వెళ్తే వెళ్లనివ్వాలి. "వెళ్లమ్మా, ఆంటీ దగ్గరకి వెళ్లు" అని తోయడం వద్దు. తోసినకొద్దీ అతుక్కుంటుంది.

ఆయా మొదటిసారి దగ్గరయ్యే తీరు ముఖ్యం. పిల్లల అనుబంధాన్ని కొలిచే పరీక్ష ఒకటుంది, మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ తయారుచేసింది. అందులో కొత్త మనిషి ఎలా ప్రవేశించాలో నిమిషాల లెక్కన రాసి పెట్టారు. ఒక నిమిషం ఊరికే కూర్చోవాలి. తర్వాత ఒక నిమిషం తల్లితో మాట్లాడాలి. ఆ తర్వాతే మెల్లగా బిడ్డ వైపు తిరగాలి. అక్కడ మూడు నిమిషాల్లో ముగించేదాన్ని మీరు మొదటి రోజు అరగంటకి సాగదీయండి, అంతే. ఆయా నేల మీద, పాప కళ్ల ఎత్తులో కూర్చోవాలి. సూటిగా కళ్లలోకి చూడకుండా చేతిలో ఏదో బొమ్మతో తన పాటికి తాను ఆడుకుంటూ ఉండాలి. పాప తల్లి ఒళ్లోంచే తొంగి చూస్తుంది. చూసినప్పుడు చిన్నగా నవ్వి మళ్లీ బొమ్మ వైపు తిరగాలి. బొమ్మని పాప చేతిలో పెట్టకుండా, చాచితే అందేంత దూరంలో వదలాలి. ఎత్తుకోవడానికి చేతులు చాపడం ఆఖరి మెట్టు, అదీ పాప ముందు చాపాక.

రెండో రోజు గుడ్డ మార్చేటప్పుడు ఆయా పక్కన నిలబడి చూడాలి. మూడో రోజు ఆయా మారుస్తుంటే తల్లి పక్కన నిలబడాలి. తినిపించడం కూడా అలాగే. నిద్రపుచ్చడం మాత్రం అన్నిటికన్నా చివర, రెండో వారంలో. నిద్రమత్తులో ఉన్న బిడ్డ కొత్త చేతుల్ని అసలు ఒప్పదు. చాలామంది మొదటి రోజే జోకొట్టమని ఆయాకి అప్పగించి, ఆమె చేతకానిదని తేల్చేస్తారు.

నాలుగో రోజు మొదటిసారి వదలాలి. రెండు రోజులు ఎడం వచ్చాక ఆ మర్నాడు మాత్రం వద్దు, సెలవుల తర్వాతి రోజు పిల్లలు సగం మర్చిపోయి ఉంటారు. నిద్ర లేచి, కడుపు నిండి ఉన్న వేళ చూసుకోండి. తల్లి పాపని నేల మీద ఆయా పక్కన కూర్చోబెట్టి, ఒక్క మాట చెప్పి, చెయ్యి ఊపి, గది బయటకి వెళ్లి వినబడేంత దూరంలో ఉండాలి. ఇక్కడే అసలు పరీక్ష. ఏడుపు రావచ్చు, రావాలి కూడా. ఆయా ఎత్తుకుని సముదాయిస్తే రెండు మూడు నిమిషాల్లో తగ్గుముఖం పట్టిందా? అయితే అరగంట దాకా ఉండి తిరిగి రావచ్చు, మొదటి రోజుకి అంతకు మించొద్దు. తగ్గకుండా పెరుగుతోందా? తల్లి లోపలికి వచ్చేయాలి, ఆ రోజుకి చాలు. తర్వాత రెండు మూడు రోజులు వదలకుండా గడిపి అప్పుడు మళ్లీ ప్రయత్నించాలి.

మొదటిసారే తేలిగ్గా ఊరుకున్న బిడ్డకి అలవాటు వారం రోజుల్లో అవుతుంది. ఊరుకోనివాళ్లకి రెండు మూడు వారాలు. రెండూ మామూలే, రెండో రకం పిల్లలు మొండివాళ్లేం కాదు.

ఆ తర్వాత అరగంట, గంట, ఒక కునుకు కలిసొచ్చేంత సమయం, పూట, చివరికి పూర్తి రోజు. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు రోజులు ఆగండి. జలుబు చేసినా, టీకా వేయించినా ఒక మెట్టు దిగండి. అదే వారంలో ఇంకే మార్పూ పెట్టుకోకండి. పాలు మాన్పించడం, వేరే గదిలో పడుకోబెట్టడం ఒక నెల ముందో వెనకో.

అలవాటైందని ఎప్పుడు అనుకోవాలి? తల్లి వెళ్తుంటే ఏడవకపోవడం గుర్తు కాదు. బాధ కలిగినప్పుడు పాప ఆయా వైపు పాకి వెళ్లి, చేతులు చాపి, ఆమె చంకనెక్కాక ఊరుకుంటే అయినట్టు. అది కనబడనిదే పూర్తి రోజుకి వెళ్లకండి.

ఇక ఎక్కడ చెడుతుందో చెప్తాను. అన్నిటికన్నా ఎక్కువ చెడేది కళ్లు గప్పి జారుకోవడం వల్ల. బొమ్మతో ఆడుతున్నప్పుడు వెనక నుంచి వెళ్లిపోతే ఆ ఒక్కసారికి ఏడుపు తప్పుతుంది. కానీ అమ్మ ఎప్పుడైనా మాయమవుతుందని పాపకి తెలిసిపోయాక, అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఓ కన్ను ఆమె మీదే ఉంటుంది, ఆట సాగదు, బాత్రూం తలుపు వేసినా గుక్కపట్టే ఏడుపు. రెండోది, గుమ్మం దాకా వెళ్లి, ఏడుపు విని వెనక్కి వచ్చి, ఇంకోసారి ముద్దుపెట్టి మళ్లీ వెళ్లడం. నిమిషంలో తేలాల్సింది పావుగంట నలుగుతుంది, పాపకి తల్లి భయం కూడా అంటుతుంది. మూడోది, తల్లి చంకలో కరుచుకున్న పాపని ఆయా వెనక నుంచి లాక్కోవడం. అందుకే నేల మీద దించి వెళ్లమన్నాను. ఇంకొకటుంది, అడగకపోయినా చెప్తాను. "ఏడిస్తే అమ్మ రాదు", "బూచాడొస్తాడు" అనే మాటలు ఆయా నోట రాకూడదని ముందే తేల్చి చెప్పండి. ఊరుకోబెట్టాల్సిన మనిషే భయపెడితే బిడ్డకి పరుగెత్తడానికి చోటుండదు.

---

రాత్రి_షిఫ్ట్

ఎత్తుకోవడం తగ్గించమన్న సలహా మీద.

తగ్గించకండి. ఈ వయసు బిడ్డకి పెద్దవాళ్లని లొంగదీయాలన్న ఆలోచన పుట్టేంత బుర్ర ఇంకా రాలేదు. ఏడుపు ఒక కబురు, అది అందిందా లేదా అన్నదే ఆమెకి కావాలి. ఐన్స్‌వర్త్, బెల్ 1972లో ప్రచురించిన పరిశీలనలో, మొదటి నెలల్లో ఏడుపుకి త్వరగా స్పందించిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చి, సైగలతో, చిన్న చిన్న శబ్దాలతో ఎక్కువ పని జరుపుకున్నారు. దాని లెక్కల మీద తర్వాత వాదాలు నడిచాయి, అది నిజమే. కానీ ఎత్తుకుంటే ఏడుపు పెరుగుతుందని గట్టిగా తేల్చిన ఆధారం కూడా లేదు. న్యూయార్క్‌లో 1990లో ఇంకో ప్రయోగం. పేద కుటుంబాల తల్లుల్లో సగం మందికి బిడ్డని ఒంటికి కట్టుకునే మెత్తటి గుడ్డ సంచి, సగం మందికి ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. పదమూడో నెలలో చూస్తే భద్రమైన అనుబంధం (తల్లి కాసేపు వెళ్లి తిరిగి రాగానే బిడ్డ ఆమె దగ్గర ఊరుకుని మళ్లీ ఆటలో పడటం) సంచి వాడినవాళ్లలో 83 శాతం, కుర్చీ వాళ్లలో 38 శాతం. 49 మంది తల్లుల చిన్న అధ్యయనం, అది గుర్తుపెట్టుకునే చదవండి.

అయితే "స్పందించడం" అంటే ప్రతిసారీ ఎత్తుకోవడమే అని కూడా అనుకోవద్దు. అందులో నాలుగు పనులున్నాయి: సైగ కంటపడటం, దాన్ని సరిగా అర్థం చేసుకోవడం, దానికి తగ్గది చేయడం, ఆలస్యం చేయకపోవడం. ఏడు నెలల పాపకి చాలాసార్లు గొంతు చాలు. "వస్తున్నా, వినబడింది" అని పక్కగది నుంచి అంటూ వస్తే, ఆ మాటకీ మనిషి రావడానికీ లంకె దొరికాక కొన్ని క్షణాలు ఆగడం తనే నేర్చుకుంటుంది.

రెండో పని దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. మొహం తిప్పుకోవడం, ఆవులించడం, అరచెయ్యి విప్పి అడ్డం పెట్టడం, ఎక్కిళ్లు... ఇవన్నీ "చాలు" అని చెప్పడం. నెలలు నిండక పుట్టిన పిల్లలు తొందరగా అలసిపోతారు కాబట్టి ఈ గుర్తులు ముందే వస్తాయి. పెద్దవాళ్లేమో ఆట నచ్చలేదనుకుని ఇంకో బొమ్మ తెచ్చి, తిప్పుకున్న మొహం ముందుకి వచ్చి మరీ ఆడిస్తారు. పాప ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు. కాసేపు మీరు కూడా ఊరుకుంటే తనే తిరిగి చూస్తుంది. అప్పుడు మొదలుపెట్టండి. ఆయాకి మొదటి వారం నేర్పాల్సింది ఇదే.

దీనికి ఎదురు చివర ఉన్నది మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగం. తల్లి మామూలుగా ఆడుతూ ఉండి, చెప్పగానే మొహంలో ఏ కదలికా లేకుండా బిడ్డనే చూస్తూ కొద్ది నిమిషాలు ఉండాలి. బిడ్డ మొదట నవ్వుతుంది. బదులు రాదు. ఒళ్లు ముందుకి వంచి, చేతులు ఊపి, కూత పెడుతుంది. ఊహూఁ. చూపు పక్కకి తిప్పి, మళ్లీ దొంగచూపు చూసి, చివరికి వాలిపోతుంది, లేదా ఏడుస్తుంది. కొద్ది నిమిషాలకే ఇంత. అక్కడ ఆపేసి ఫోన్ వాడకం మీద ఉపన్యాసాలు ఇస్తుంటారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది మూడో భాగం: తల్లి మొహం మళ్లీ కదలగానే, కాస్త బెట్టు చేసి, బిడ్డ తిరిగి కలుస్తుంది. మామూలు ఆటలో కూడా తల్లీబిడ్డలకి తాళం కుదిరి ఉండేది మూడో వంతు సమయమేనని ఆయన లెక్క. తప్పడం, మళ్లీ కలవడం, ఆ కలవడంలోనే నమ్మకం. అందుకని ఆయా ఏదో ఒకసారి ఆలస్యం చేసిందని కంగారు పడనక్కర్లేదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఎంత చేసినా ఏడుపు ఆగక చూసేవాళ్లకి ఒళ్లు మండే క్షణం ఎవరికైనా వస్తుంది. అప్పుడు పాపని ఉయ్యాల్లోనో మంచం మీదో కాదు, కటకటాలున్న పక్కలో వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు అవతలకి వెళ్లాలి. కుదపడం మాత్రం ఎప్పుడూ, ఒక్కసారి కూడా చేయకూడదు. మెదడులో రక్తస్రావం అవుతుంది. ఇది ఆయాకి నోటితో చెప్పండి, తెలుసులే అనుకోకండి. రెండోది, తల్లి వాసన ఉన్న గుడ్డ ఆయాకి ఇవ్వమని చెప్తుంటారు. మెలకువగా ఉన్నప్పుడు ఆయా భుజం మీద వేసుకుంటే మంచిదే. నిద్రలో పక్కలో వద్దు, ఏడాది నిండేదాకా పక్కలో వదులు గుడ్డలు, దిండ్లు, బొమ్మలు ఏవీ ఉండకూడదు.

---

సగటు_మనిషి

పైవాళ్లు చెప్పినదానితో తగువు లేదు, ఒక్క హెచ్చరిక. ఈ అంకెలన్నీ గుంపుల సగటులు. తల్లి స్పందనకీ బిడ్డ అనుబంధానికీ ఉన్న లంకెని 1997లో 66 అధ్యయనాల్ని తీసుకున్న ఒక పరిశీలనలో చూస్తే సహసంబంధం (సున్నా అంటే లంకె లేదు, ఒకటి అంటే పూర్తి లంకె) 0.24 తేలింది. ఉందంటే ఉంది, కానీ అదే సర్వం కాదు. ఒక పాప విషయంలో "మీరు ఇలా చేశారు కాబట్టి ఇలా అయింది" అని ఎవరైనా తేల్చి చెప్తే నమ్మకండి.

అలాగే ఐన్స్‌వర్త్ పరీక్షని ఇంట్లో పెట్టుకోవద్దు. ఎనిమిది అంకాలు, ఇరవై నిమిషాలు, ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకి, శిక్షణ పొందినవాళ్లు వీడియో చూసి మార్కులు వేయాలి. పైగా చూసేది తల్లి వెళ్లేటప్పటి ఏడుపుని కాదు, తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నది. ఐన్స్‌వర్త్ మొదటి అధ్యయనాల్లో దాదాపు మూడింట రెండు వంతుల పిల్లలు తల్లి రాగానే దగ్గరకి వెళ్లి, ఊరుకుని, తిరిగి ఆటలో పడ్డారు. ఐదో వంతు మంది పట్టనట్టు ఉన్నారు. మిగిలినవాళ్లు అతుక్కుంటూనే తన్నారు, ఊరుకోలేదు. పట్టనట్టు కనిపించిన పిల్లల గుండె వేగం కొలిస్తే, లోపల వాళ్లు కూడా కలత పడుతున్నారని తర్వాత తెలిసింది. అందుకే "మా పాప అసలు ఏడవదండీ, ఎంత బుద్ధిమంతురాలో" అనేది నాకు శుభవార్తలా వినబడదు.

---

గుమ్మం_దగ్గర

అందరికీ కృతజ్ఞతలు. రేపట్నుంచే ఆయా గంటసేపు వచ్చేలా ఏర్పాటు అవుతోంది. ఇంకో మూడు చిన్న ప్రశ్నలు. సాయంత్రం తల్లి తిరిగి వచ్చాక పాప మొహం తిప్పుకుంటేనో, అప్పటిదాకా బాగుండి ఆమెని చూడగానే ఏడుపు అందుకుంటేనో ఏమనుకోవాలి? ఆయా ఆర్నెల్లకి మానేస్తే? మధ్యాహ్నం వీడియో కాల్ చేయొచ్చా?

---

చాపమీద_పాఠం

చూడగానే ఏడవడం చాలా మామూలు. పొద్దుట్నుంచి అదిమిపెట్టుకున్నది, తీర్చుకోగల మనిషి కనబడగానే బయటపడుతుంది. "ఇంతసేపూ బాగానే ఉంది, మీరు రాగానే మొదలుపెట్టింది" అని ఆయా అంటే తల్లి నొచ్చుకోకూడదు. మొదటి వారాల్లో ఒకటి రెండు నిమిషాలు మొహం తిప్పుకోవడం కూడా జరుగుతుంది. వెంటపడి ముద్దులు పెట్టకుండా, సంచీ, ఫోనూ పక్కన పడేసి, నేల మీద కూర్చుని ఎదురుచూడాలి. వచ్చాక మొదటి పావుగంట ఇంకే పనీ పెట్టుకోవద్దు. ఆయా వెంటనే వెళ్లిపోకుండా పది నిమిషాలు ఉంటే చేతులు మారడం మెత్తగా జరుగుతుంది. కొన్నాళ్లు రాత్రిళ్లు ఎక్కువసార్లు లేస్తుంది, అది కూడా ఈ లెక్కలోదే.

రోజులు గడిచినా, తల్లి దగ్గరా ఆయా దగ్గరా ఎవరి దగ్గరా ఓదార్పు వెతుక్కోకుండా, ఆట మానేసి, తిండి తగ్గించి నిస్తేజంగా ఉంటే మాత్రం అప్పగింత ఆపి, పిల్లల డాక్టర్ని కలవండి. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం లాంటివి ఉంటే వినికిడి, చూపు, ఎదుగుదల పరీక్షలు ముందు. నెలలు నిండని పిల్లలకి అవి ఎలాగూ అవసరమే.

---

దోబూచి

ఆయా మానేసే సంగతి. ఒకసారి మారితే బిడ్డ బెంగ పెట్టుకుంటుంది, కోలుకుంటుంది. నష్టం చేసేది మళ్లీ మళ్లీ మారడం. కొత్తామె పాతామెతో కలిసి కనీసం రెండు వారాలు పనిచేసేలా ఇప్పుడే మాట చేసుకోండి. వెళ్లే రోజు చెప్పి వెళ్లాలి, మాయం కాకూడదు. నిద్రపుచ్చే పాట, ఎత్తుకునే తీరు, వెళ్లొస్తానని చెప్పే మాట ఒక పుస్తకంలో రాసి ఉంచితే కొత్తామె అవే కొనసాగిస్తుంది. ఎవరూ తనవాళ్లంటూ లేని అనాథాశ్రమాల్లో పెరిగిన రొమేనియా పిల్లల్లో కూడా, రెండేళ్లు నిండకముందే కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు చాలామంది కొత్తవాళ్లతో భద్రమైన అనుబంధం ఏర్పరచుకోగలిగారు. మీ పాప పరిస్థితికీ దానికీ పోలికే లేదు.

---

రాత్రి_షిఫ్ట్

వీడియో కాల్: ఏడాదిలోపు పిల్లలకి మొహం కనబడి మనిషి అందకపోవడం కొందరికి ఇబ్బంది. పాప ఆడుకుంటున్న వేళ ఒకసారి చేసి చూడండి. కాల్ అయ్యాక ఆటలో పడితే సరే. వరసగా రెండు రోజులు కాల్ తర్వాత గుమ్మం వైపు చూస్తూ ఏడిస్తే మానేసి, ఆయానే తల్లికి ఫొటో పంపమనండి. అప్పుడు చూడాల్సిన అవసరం పాపది కాదు, తల్లిది.